చెక్కతొట్టిలో పులస

మొన్న మా మేడ మీది నీళ్ళ ట్యాంకు కారుతోందంటే ఒకతను వచ్చి బాగుచేశాడు. ప్లాస్టిక్ మగ్గులో రెజిన్ పోసి, చిన్న సీసాలోంచి ఇంకో మందు చుక్కలుగా వేసి, పుల్లతో కలిపాడు. ఆ వాసన మెట్ల మీదుగా దిగి, కింద పేపరు చదువుకుంటున్న నా దగ్గరికి వచ్చింది. ఘాటుగా, ముక్కు లోపల కొంచెం తియ్యగా ఉండే వాసన. పేపరు పక్కన పెట్టేశాను. మా ఆవిడ చూసి, "తలనొప్పా?" అంది.

"కాదు. పులస గుర్తొచ్చింది" అన్నాను.

రెజిన్ వాసనకి పులస గుర్తొచ్చేది ఈ గోదావరి జిల్లాల్లో బహుశా నా ఒక్కడికే. పులసతో పాటు మెస్సు పిన్నిగారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

తొంభైల చివర్లో నేను ముక్తేశ్వరం హైస్కూల్లో లెక్కల మాస్టారుని. మా వాళ్ళంతా గోదావరికి అవతల రామచంద్రపురంలో ఉండేవారు. వారమంతా ఇక్కడే ఉండి, శనివారం రేవు దాటి ఇంటికి వెళ్ళేవాణ్ణి. రేవుకు వెళ్ళే రోడ్డులో ఒక పెంకుటింట్లో ఆవిడ భోజనాల మెస్సు నడిపేవారు. వెనక వాటాలో ఒక గది నాకు అద్దెకిచ్చారు. నేను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి.

పొట్టి మనిషి. భుజాలు మాత్రం పెద్దవి. ఏ వస్తువునైనా ఎడమ కన్ను మూసి చూసేవారు. చేపనైనా, చిల్లరనైనా, మనిషినైనా. భోంచేసి చెయ్యి కడుక్కుంటున్న వాళ్ళని ఎలా ఉందండీ అని అడగడం నేనెప్పుడూ వినలేదు. "ముల్లు గుచ్చుకోలేదు గదండీ?" అనేవారు. లేదండీ అంటే తృప్తిగా తలాడించి లోపలికి వెళ్ళిపోయేవారు. ఇంకో విచిత్రం, కోపం వచ్చేకొద్దీ ఆవిడకి మర్యాద పెరిగేది. కన్నకొడుకుని "బాబ్జీ గారండీ, తమరు కాస్త పక్కకి జరుగుతారా" అన్నారంటే ఆ పూట ఇంట్లో ఎవరూ నోరెత్తేవారు కాదు.

పులస పులుసుకి ఆవిడది పెట్టింది పేరు. ఆషాఢంలో ఎర్రనీరు దిగి, సముద్రం నుంచి చేప నదిలోకి ఎదురెక్కడం మొదలవగానే మెస్సు ముందు కార్లు ఆగేవి. అలా వచ్చిన వాళ్ళలో ఒకాయన, ఈ ప్రాంతం వాడు కాదు, తిని లేస్తూ అడిగాడు: "ఇది నీళ్ళలో ఉన్నప్పుడు ఏ రంగులో ఉంటుందండీ?"

"వెండి రంగండి" అన్నారు ఆవిడ. ఆయన వెళ్ళిపోయాడు. ఆవిడ మాత్రం అక్కడే నిలబడిపోయారు.

ఆ సాయంత్రం నా గది గుమ్మం దగ్గరికి వచ్చి, కొంగు చివర మెలిపెడుతూ అన్నారు: "నేను చెప్పింది చచ్చిపోయిన చేప రంగండి మాస్టారూ. కాపరానికొచ్చిన కాణ్ణించీ కోస్తున్నాను. బతికుండగా అదెలా ఉంటుందో నాకు తెలీదు."

చేపలు తెచ్చే సూరిబాబుని పిలిచి అడిగారు. సూరిబాబు తల గోక్కున్నాడు. "మాకు మాత్రం ఏం తెలుస్తదండమ్మగారూ? వల్లోంచి తీసేతలికే పోద్దండి అది. నీళ్ళల్లో ఉండగా చూద్దారంటే ఎర్రనీళ్ళాయె, బెత్తెడు కింద ఏవుందో కనపడదండి."

ఇంతకాలం ఇంతమంది తింటున్న చేపని ఎవరూ చూడలేదన్న సంగతి ఆవిడకి నిద్ర పట్టనివ్వలేదు. మర్నాడు అన్నం వడ్డిస్తూ తేల్చేశారు. "తొట్టి కట్టిద్దామండి. ఒక పక్క అద్దం పెట్టి. వచ్చే ఎర్రనీటి వేళకి అది సిద్ధంగా ఉండాలండి."

రంగుచేపల్ని పెంచే గాజుతొట్లు తప్ప నేను ఇంకేమీ చూడలేదు. ఇది నిలకడగా ఉండే చేప కాదు, మంచం కంటే పొడుగైన తొట్టి కావాలి. అంతటి తొట్టి పూర్తిగా గాజుతో మన దగ్గర ఎవరు చేస్తారు? అప్పుడే యానాం వైపు చెక్క పడవలు పోయి ఫైబర్ పడవలు వస్తున్నాయి. ఆవిడ బస్సెక్కి వెళ్ళి, పడవలకి చిల్లులు పూడ్చే చోట రోజంతా కూర్చుని వచ్చారు. ప్లైవుడ్‌తో పెట్టె కట్టి, లోపల ఫైబర్ పడవలకి వాడే గాజునార పరిచి దాని మీద రెజిన్ పూస్తే నీళ్ళు కారవని నేనూ ఆవిడా కలిసి తేల్చుకున్నాం. ముందువైపు మాత్రం మందపాటి అద్దం.

బాబ్జీకి ఇది బొత్తిగా నచ్చలేదు. మెస్సు లెక్కలు, బేరాలు అతనే చూసేవాడు. తల్లి మీద ప్రాణం, తల్లి పంతం మీద భయం.

"హాల్లో సగం పోతుందమ్మా. సీజన్‌లో జనాన్ని ఎక్కడ కూచోబెట్టను? మనం చేప వండుకునేవాళ్ళం. పెంచేవాళ్ళం కాదు."

"పెంచడానికి కాదురా. చూడ్డానికి."

"చూసి?"

ఆవిడ వెల్లుల్లిపాయలు ఒలుచుకుంటూ కూర్చున్నారు.

ఎండాకాలంలో వడ్రంగి పెట్టె బిగించాడు. హాలు మూలన ఇటుకలతో దిమ్మ కట్టించి దాని మీదికి ఎక్కించాం. ఆవిడ ఎడమ కన్ను మూసి చూశారు. "మూలలున్నాయండి" అన్నారు. వడ్రంగి నవ్వాడు. పెట్టెకి మూలలుండవా? "ఆగని చేప ఇది. మూలకెళ్ళి మూతి కొట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది." పల్చటి చెక్కని వంచి నాలుగు మూలల్నీ గుండ్రంగా మూయించే దాకా ఊరుకోలేదు.

రెజిన్ కలపడం ఆవిడే చేశారు. గట్టిపరిచే మందు మొదటిసారి ఒక్క పిసరు ఎక్కువైంది. మగ్గు చేతిలో ఉండగానే వేడెక్కి, పొగ చిమ్మి, అడుగు కరిగిపోయింది. ఆవిడ దాన్ని పెరట్లోకి విసిరేసి, కాలిన వేళ్ళు నోట్లో పెట్టుకుని, "పాకం ముదిరిందండి" అన్నారు. తరవాతి మగ్గు సరిగ్గా కుదిరింది. వంచిన మూలల్లో గాజునార పరిచి, బ్రష్షుతో గాలి బుడగలు పోయేలా అద్దుతుంటే, ముక్కుకి గుడ్డ కట్టుకుని నేను పక్కన నిలబడి కత్తిరించి అందించేవాణ్ణి.

ఇంతలో రాజమండ్రి నుంచి రావలసిన అద్దం దారిలో పగిలింది. రెండోది వచ్చేసరికి తొలకరి మొదలైపోయింది. చివరి పూత ఆ చెమ్మలో ఆరలేదు. వేలు పెడితే జిగురుగా అంటుకునేది. అవతల గోదావరి నీళ్ళు రంగు మారుతున్నాయని రేవులో చెప్పుకుంటున్నారు.

ఒక మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి ఆవిడ ఎర్రగా కణకణలాడే కుంపటి రెండు చేతులా పట్టుకుని తొట్టిలో పెట్టడానికి వంగుతున్నారు. పక్కనే మూత తీసిన రెజిన్ డబ్బా. హాలంతా ఆ వాసన.

"పిన్నిగారూ, కదలకండి!" అని అరిచాను.

ఆవిడ వంగినవారు వంగినట్టే ఆగిపోయారు.

"ఆ వాసన అంటుకుంటుంది. పెట్రోలు అనుకోండి. నిప్పు అలాగే వెనక్కి తీసుకెళ్ళండి. మెల్లిగా."

ఆవిడ వెనక్కి తిరగకుండా, చూపు డబ్బా మీద నుంచి తిప్పకుండా, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ గుమ్మం దాటారు. నేను డబ్బాకి మూత బిగించి కిటికీలన్నీ తెరిచాను. పెరట్లో కుంపటి దించి ఆవిడ దాని మీద చెంబెడు నీళ్ళు పోసేశారు. అరుగు మీద కూర్చుండిపోయారు.

నా అరుపుకి బాబ్జీ పరిగెత్తుకొచ్చాడు. జరిగింది విని పెరట్లోకి వెళ్ళి, కొబ్బరి మట్టలు కొట్టే కత్తి పట్టుకొచ్చాడు.

"ఇవాళ్టితో సరి. ముక్కలు చేసి పొయ్యిలో పెట్టేస్తాను."

"చెయ్యండి బాబ్జీ గారండీ" అన్నారు ఆవిడ అరుగు మీద నుంచి లేవకుండానే.

బాబ్జీ కత్తి ఎత్తాడు. తొట్టి ముందు అలా నిలబడి ఉన్నాడు. కాసేపటికి చెయ్యి దించేసి, "నీకేవైనా అయితే నేనేవైపోవాలే?" అన్నాడు. ఆవిడ లేచి వచ్చి అతని చేతిలో కత్తి తీసుకున్నారు. సాయంత్రం బాబ్జీయే అమలాపురం వెళ్ళి పెద్ద బల్బులు తెచ్చి, తొట్టిలోకి వేలాడదీశాడు. ఆ వేడికి రెజిన్ మెల్లగా ఆరింది.

అద్దాన్ని లోపలి నుంచి చట్రానికి ఆనించి సిలికాన్‌తో అతికించాం. నీళ్ళే దాన్ని చట్రానికేసి నొక్కిపెడతాయని నేను చెబితే, "అయితే నీళ్ళకి నీళ్ళే కాపలా అన్నమాట" అన్నారు.

నీళ్ళు పోసిన రోజు బయట అతుకుల వెంబడి పొడి బియ్యప్పిండి అద్దారు. తడి తగిలితే పిండి నల్లబడి చెమ్మ ఎక్కడుందో చెప్పేస్తుందని. చట్రం వంగితే తెలిసేలా దాని పైన నేను ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగి కట్టాను. నిండితే రెండు టన్నుల బరువు ఆ అద్దం మీదా చెక్కల మీదా పడుతుందని లెక్క కట్టి చూపించాను. ఆవిడ ఆ కాగితం వైపు ఎడమ కన్ను మూసి చూసి, "పోయించండి" అన్నారు.

సగం దాకా ఏమీ లేదు. ముప్పావు వంతుకి చెక్క ఒకసారి మూలిగింది. అందరం వెనక్కి జరిగాం. దారానికీ చట్రానికీ మధ్య నడిమన వేలు దూరేంత సందు కనిపించింది. ముందు చట్రం ఉబ్బుతోంది. అదే సమయంలో ఆవిడ కింద కుడిమూల దగ్గర గొంతుక్కూర్చుని, "మాస్టారూ, పిండి తడిసింది" అన్నారు. గొంతు పెంచలేదు. "బాబ్జీ, మోటారాపు."

మోటారు ఆపి, గొట్టంతో నీళ్ళు పెరట్లోకి తోడేశాం. మళ్ళీ ఆరబెట్టడం, మళ్ళీ ఆ మూల గీకి పూత వెయ్యడం. చట్రం ఉబ్బకుండా పైన అడ్డంగా ఇనుప పట్టీలు కమ్మరి చేత చేయించి బోల్టులు బిగించాం. రెండోసారి నిండా పోశాం. పిండి తెల్లగానే ఉంది. ఆవిడ ఆ పూట తొట్టి పక్కనే పీట వేసుకుని అన్నం తిన్నారు.

నీళ్ళకి రెజిన్ వాసన పట్టింది. పరీక్షకని చేదుపరిగెలు, వేలెడంత చేపలు, నాలుగు వేస్తే చచ్చి తేలిపోయాయి. నీళ్ళు మార్చారు. మళ్ళీ మార్చారు. చేదుపరిగెలు బతికాక, గోదావరి నుంచి డ్రమ్ములతో ఎర్రనీరు తెప్పించి, పటిక తిప్పి, పైన తేరిన నీళ్ళు మాత్రం తొట్టిలోకి ఎక్కించారు. ఒక చివర చిన్న మోటారు పెట్టి, గొట్టంలోంచి నీళ్ళు ధారగా లోపలికి కొట్టేలా చేశాం, నదిలో పారుదల లాగా.

సూరిబాబు మొదట తెచ్చిన చేపలు డ్రమ్ములోనే చచ్చిపోయాయి. వాటిని కోసి పులుసు పెట్టారు. "చెయ్యి తగలనివ్వకు సూరిబాబూ. వల నీళ్ళల్లోనే ఉంచి, బిందె ముంచి చేపని నీళ్ళతో సహా ఎత్తు" అని ఎలా చెయ్యాలో గాల్లో చేతులతో చూపించేవారు.

శ్రావణంలో ఒక పొద్దున్న రేవు వైపు నుంచి కేకలు వినిపించాయి. రిక్షా మీద డ్రమ్ము, డ్రమ్ముని కౌగిలించుకుని సూరిబాబు. "ఉందండమ్మగారూ, ఉందండి! కొట్టుకుంటాందండి!" డ్రమ్ముని తొట్టి అంచుకి ఎక్కించి మెల్లగా వంచాం. నీళ్ళతో పాటు అది జారి లోపలికి వెళ్ళింది.

వెండి రంగు కాదు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. వీపు మీద నీలం కలిసిన ఆకుపచ్చ, పక్కల గులాబీ రంగు, తిరిగినప్పుడల్లా బంగారం మెరుపు. ఏ రంగూ ఒకచోట నిలవదు. తొట్టంతా బెదురుగా చుట్టింది. గుండ్రటి మూలల వెంట దూసుకుపోయి తిరిగి వచ్చింది. ఆ తరవాత మోటారు నీళ్ళ ధార ఎక్కడుందో కనిపెట్టి, దానికెదురుగా మూతి పెట్టి నిలబడింది. కదలదు. కానీ ఒళ్ళంతా ఈదుతూనే ఉంది.

ఆవిడ అద్దానికి నుదురు ఆనించి చూస్తున్నారు. రెండు కళ్ళూ తెరిచి.

బాబ్జీ నన్ను పక్కకి పిలిచాడు. కాకినాడ నుంచి ఒక పెద్ద కాంట్రాక్టరు తన వాళ్ళతో ఆ మధ్యాహ్నం పులస భోజనానికి వస్తున్నాడు. బాబ్జీ మాటిచ్చేశాడు. ఆ రోజు రేవులో పడిన పులస ఇదొక్కటే.

"అమ్మకెలా చెప్పనండి మాస్టారూ?"

చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ వినేశారు. అద్దం దగ్గర నుంచి కదలకుండానే, "పీతలున్నాయి. కొరమీనుంది. అవి వండుతాను. రానీ" అన్నారు.

వాళ్ళొచ్చారు. కాంట్రాక్టరు భారీ మనిషి, మాట మాత్రం మెత్తన. తొట్టిని చూసి చెయ్యి కడుక్కోవడం మర్చిపోయాడు. అయినా కూర్చుని విస్తరి చూసుకుని, "అమ్మగారూ, తమరి పులస కోసమే ఇంత దూరం వచ్చేవండి" అన్నాడు.

"ఆయ్. అదేనండి పులస. చూడండి" అన్నారు ఆవిడ, పీతల కూర వడ్డిస్తూ.

అప్పుడే తొట్టి చట్రం టప్పుమని చప్పుడు చేసింది. నడిమి పట్టీ బోల్టు ఒకటి చెక్కని చీల్చుకుని ఊడొచ్చింది. అద్దం అడుగున సన్నగా నీటి చార. వచ్చినవాళ్ళు విస్తళ్ళ ముందు నుంచి లేచి గోడకి అంటుకుపోయారు. బాబ్జీ ఒక్క అంగలో వెళ్ళి చట్రానికి వీపు ఆనించి కాళ్ళు నేలకి తన్నిపెట్టాడు. "మాస్టారూ, పెరట్లో కొబ్బరి దూలం!" నేనూ సూరిబాబూ దూలం మోసుకొచ్చి, చట్రానికీ ఎదుటి గోడకీ మధ్య పోటు పెట్టాం. నీటి చార ఆగలేదు, పెరగనూ లేదు. నీళ్ళు సగానికి దింపితే తప్ప చట్రం నిలవదన్నాను.

నీళ్ళు దిగుతుంటే చేప తీరు మారింది. ధార దగ్గర నిలవలేకపోతోంది. కొన్ని పొలుసులు రాలి అడుగున మెరుస్తున్నాయి. ఒకసారి పక్కకి ఒరిగి, మళ్ళీ సర్దుకుంది. మళ్ళీ ఒరిగింది.

కాంట్రాక్టరు వెనక ఉన్నతను అన్నాడు: "ఎలాగూ పోతోంది గదండీ. పోకముందే కోసేస్తే బ్రహ్మాండంగా ఉంటది."

అందరూ ఆవిడ వైపు చూశారు. బాబ్జీ కూడా, చట్రానికి వీపు ఆనించే ఉండి. అతను మాటిచ్చిన మనిషి ఎదురుగా ఉన్నాడు. కత్తిపీట వంటింటి గుమ్మంలోనే ఉంది.

ఆవిడ పొడిగా ఉన్న కొంగుని గట్టిగా పిండారు. "తప్పు లేదండి. కూరకని తెస్తే నేనే కోసేదాన్ని. ఇది కూరకని రాలేదు. చూడాలని నేను కబురెట్టి తెప్పించేను. చూసేనండి. చాలు" అన్నారు. "బాబ్జీ, పెళ్ళిళ్ళ గుండిగ దించు."

ఆవిడకి చేపల మీద జాలి పుట్టుకొచ్చిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. మర్నాడు సూరిబాబు తెచ్చిన పులసల్ని ఎప్పట్లాగే కోసి, ఎప్పట్లాగే పులుసు పెట్టారు, నేనూ తిన్నాను. కానీ ఆ మధ్యాహ్నం ఆ ఒక్క చేప విషయంలో ఆవిడని ఎవరూ కదపగలిగేవారు కాదు.

వందమందికి వండే ఆ ఇత్తడి గుండిగని తొట్టిలో ముంచి చేపని నీళ్ళతోనే ఎత్తాం. రిక్షా కోసం చూస్తుంటే కాంట్రాక్టరు ఎంగిలి చెయ్యి పంచకి తుడుచుకుని, "నా జీపులో పెట్టండి" అన్నాడు. నేనూ సూరిబాబూ కూడా ఎక్కాం. బాబ్జీ వెనక కూర్చుని గుండిగని మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు. ఆవిడ పక్కన కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టి, ఒరిగిపోతున్న చేపని నిలబెడుతూనే ఉన్నారు. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా నీళ్ళు చిందేవి. "నీళ్ళు పోతున్నాయమ్మా" అన్నాడు బాబ్జీ. "నువ్వు గుండిగని చూడు. నేను దీన్ని చూస్తాను" అన్నారు.

రేవులో గోదావరి ఎర్రగా, వడిగా ఉంది. పై మెట్లు తప్ప అన్నీ మునిగిపోయాయి. ఆవిడ గుండిగతో పాటే నీళ్ళలోకి దిగారు. నడుం దాకా వచ్చాయి. సూరిబాబు ఆవిడ చెయ్యి ఒకటి పట్టుకున్నాడు. "వదిలెయ్ సూరిబాబూ, నాకు రెండు చేతులూ కావాలి" అన్నారు. అతను కొంగు పట్టుకున్నాడు. బాబ్జీ బట్టలతోనే దిగి తల్లి వెనక నిలబడి భుజాలు పట్టుకున్నాడు.

గుండిగ ఒరిగి పక్కకి కొట్టుకుపోయింది. చేప ఆవిడ రెండు అరచేతుల్లో ఉంది. ఆవిడ తను కూడా అటు తిరిగి, దాని మూతిని ప్రవాహానికి ఎదురుగా పెట్టారు. చేతులు నీళ్ళ కింద ఉన్నాయి. పైన మాకేమీ కనిపించడం లేదు. వడికి ఆవిడ ఊగిపోతున్నారు. మెట్ల మీద నుంచి కాంట్రాక్టరు, అతని మనుషులు, నేను ఆ ఎర్రనీళ్ళ వైపే చూస్తున్నాం. ఆవిడ చాలాసేపు అలాగే నిలబడ్డారు. అది చచ్చిపోయి ఉంటుందని, ఆవిడ ఒప్పుకోలేకపోతున్నారని నేను అనుకున్నాను.

ఉన్నట్టుండి ఆవిడ చేతులు పైకెత్తారు. ఖాళీగా ఉన్నాయి.

బాబ్జీ, సూరిబాబు కలిసి ఆవిడని మెట్ల మీదికి లాక్కొచ్చారు. ఆవిడకి ఆయాసంగా ఉంది. బాబ్జీ ఆవిడ పాదాల దగ్గర కింది మెట్టు మీద కూలబడి, "పోన్లే అమ్మా. జారిపోయింది. నువ్వేం చేస్తావు" అన్నాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. కుడి అరచెయ్యి తెరిచి, మణికట్టుకి దగ్గరగా ఎడమచేతి వేలితో చూపించారు. అక్కడ ఒక పొలుసు అంటుకుని ఉంది.

"చేప చేతిలోంచి జారడం నాకు తెలీదంట్రా? జారితే చెయ్యి ఊరికే తేలికవుతుంది" అన్నారు. "ఇది తోకతో నన్ను తన్ని వెళ్ళింది."